మూత మీద పేరు

అమెరికాలో జార్జియా రాష్ట్రం, ఓ చిన్న ఊరి చర్చి. ఆదివారం ప్రార్థన అయ్యాక, ఎవరింటి నుంచి వాళ్లు తెచ్చిన వంటలు అందరూ కలిసి తిని వెళ్లిపోయారు. వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు గిన్నెలు కడుగుతున్నారు.

“ఇది నీదే కదే? మూత కూడా తియ్యలేదెవరూ.”

“నాదే. మూత మీద పేరుందిగా.”

“పై వారం పేరు అంటించకు. ఎవరిదో తెలియకపోతే తింటారు.”

“ముప్పై ఏళ్లుగా నా బంగాళాదుంప సలాడ్ కోసం కొట్టుకున్నవాళ్లే వీళ్లంతా.”

“మరి లాఫ్టన్ తండ్రీకొడుకుల్ని యావజ్జీవం జైల్లో పెట్టిస్తే? ఊళ్లో దొంగతనాలని కాపలా కాశారు పాపం.”

“ఆ నల్లబ్బాయి చేతిలో ఉన్నది గాలమే. చేపలకి పోతుంటే ట్రక్కుతో తరిమి కాల్చి చంపారు. కోర్టులో ఆ వీడియో పదకొండుసార్లు చూశాను. నువ్వు?”

“నేను చూళ్లేదు. చూడను కూడా. జ్యూరీలో నువ్వొక్కదానివి కాదంటే శిక్ష ఆగిపోయేది కదే!”

“జడ్జి పన్నెండు మందినీ ఒక్కొక్కరిగా అడిగాడు, ఇది నీ తీర్పేనా అని. నాదేనన్నాను. ఇప్పుడు సలాడ్ నాది కాదనమంటావా?”

“నీ మంచికే చెప్పాను.”

“సరే గానీ, నువ్వు తిన్నావా?”

“మా ఆయన ఎదురుగానే కూర్చున్నాడే…”

“ఇప్పుడు లేడుగా. ఇదిగో చెంచా.”

“ముందు ఆ తలుపు వేసి రా.”