ఈ వీధిలో ఎవరికీ రాదు

కుట్టు మిషను ముందు టైలరమ్మ. ఎదురు స్టూలు మీద జనాభా లెక్కలు రాసుకునే అమ్మాయి.

"అస్సలు రాదని చెప్పానా, రాసుకో మరి."

"ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా రాదా అక్కా?"

"రాదు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు, తిట్టుకునేదీ తెలుగే. ఆ కత్తెర ఇలా అందుకో."

"వీధిలో ఇరవై రెండిళ్ళు తిరిగాను. ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు అస్సలు రాదనే అన్నారు. కూడబలుక్కున్నట్టు."

"రానిదాన్ని రాదనక వచ్చంటారా? అమ్మాయ్, తొమ్మిదో ప్రశ్న వదిలేశావు."

"ఏదీ?"

"అదే, ఇంట్లో చదువుకునే పిల్లలెంతమంది అని."

"అక్కా."

"ఊఁ."

"ఫారం ఇంగ్లీషులో ఉంది."

"ఉంటే?"

"నా వైపు తిప్పి ఉంది. తలకిందులుగా చదివారు మీరు."

"ఉండు, సూదిలో దారం ఊడింది."

"ఊడలేదు. చెప్పండి."

"ఎవరితోనూ అనవుగా?"

"అనను."

"లైబ్రరీ మేడ మీద శనివారం ఇంగ్లీషు క్లాసు. ఇంగ్లీషు రానివాళ్ళు ఇరవై మంది ఉంటేనే నడుపుతారట. మీ లెక్కల్లో వచ్చేసిందని ఒప్పుకున్నామా, ఎత్తేస్తారు."

"వచ్చేశాక క్లాసెందుకక్కా?"

"పిచ్చిదానా, వారం మొత్తంలో ఆ రెండు గంటలే మావి. చదువుకోడానికి వెళ్తున్నానంటే మా మామగారు కూడా కిక్కురుమనడు. ఆరేళ్ళుగా మొదటి పుస్తకమే చదువుతున్నాం. పరీక్ష పెడితే అందరం తప్పుతాం. అనుమానం రాకుండా ఒకళ్ళు సున్నా, ఒకళ్ళు రెండు, వంతులవారీగా."

"పంతులమ్మ కనిపెట్టలేదా?"

"ఆవిడా? నోట్లో వేలు పెట్టినా కొరకలేదు పాపం."

"ఆవిడ మా అమ్మ."

"ఏమిటీ?"

"మా అమ్మే. ఆరేళ్ళుగా ఒక్కరికీ నేర్పలేకపోయానని కుమిలిపోతోంది. ఈ శనివారంతో మానేస్తానంటోంది."

"ఏడ్చిందా?"

"రాత్రి అన్నం కూడా తినలేదు."

"మా వేషాలు మండిపోను. ఆవిడ చలవ వల్లే కదా, నా కూతురి స్కూల్లో టీచరు ఎదుట కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడగలిగాను. ఇటివ్వు ఆ పెన్ను. బాగా వచ్చు అని నేనే రాస్తా. నేర్పింది మీ అమ్మేనని కూడా కింద రాస్తా."

"క్లాసు పోతుందేమో అక్కా. మిగతావాళ్ళు మిమ్మల్ని ఊరుకోరు."

"పోతే పోనీ. వాళ్ళకి నేను చెప్పుకుంటాలే. పెన్నివ్వు."

"ఇవ్వను."

"ఎందుకివ్వవు?"

"అమ్మ పొద్దున్నే చెప్పి పంపింది. 'అందరూ గట్టివాళ్ళే, టైలరమ్మ మనసొక్కటే మెత్తన. నేను ఏడుస్తున్నానని చెప్పి చూడు. ఒప్పేసుకుందంటే నాలుగు చివాట్లు పెట్టి, అస్సలు రాదనే రాసుకురా. శనివారం పూట ఇంట్లో కూర్చోవాలని నాకు మాత్రం ఉందా' అంది."