‘మంచిగున్న’ అంటే నమ్మని సిస్టర్ కాంతమణి గారు

1926వ సంవత్సరం జూలై 5వ తేదీ సోమవారం ఉదయం ఒక రేకు పెట్టెతో సికిందరాబాదు స్టేషనులో దిగి, విశ్రాంతి అయినా తీసుకోకుండా నేరుగా మన ఆసుపత్రికి వచ్చి విధులలో చేరిన సిస్టర్ కాంతమణి గారు, ముప్పది సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ సెప్టెంబరు 30వ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన తొలినాడే, మరిగించామని చెప్పిన సూదులను తన కళ్లెదుట మళ్లీ మరిగించమన్నారు. అది చూసిన ఆనాటి ఆయా సువార్తమ్మ, “ఈమె తన నీడను సుత వెనక్కి తిరిగి చూసుకుంటది” అన్నదట. ముప్పయ్యేళ్లయినా ఆ మాటను కాదనగలవారు మనలో లేరు.

1934లో పిల్లల వార్డుకు, 1941లో కట్లగదికి వారు అధిపతులయ్యారు. 1947లో మన శస్త్రవైద్యులు డాక్టర్ సామ్యూల్ గారు, వెన్ను పక్కకు వంగి పెరిగే పిల్లలకు ఎముక అతికించి నిలబెట్టే చికిత్స ప్రారంభించినప్పుడు, మెడ నుంచి తుంటి దాకా పిండికట్టు వేసి నెలల తరబడి ఆ పిల్లలను సాకే భారం వారి మీదనే పడింది. ఎక్స్‌రే పటంలో వెన్ను నిటారుగా కనబడితే డాక్టరు గారు ‘ఫలితం సంతృప్తికరం’ అని రాసేవారు. కాంతమణి గారికి ఆ పటం మీద గురి లేదు. “పటం అన్నం తినదు, బడికి పోదు డాక్టరు గారూ” అనేవారు.

సీతాఫల్‌మండి నివాసి, రైల్వే కార్ఖానా కార్మికుడు బిక్షం గారి కుమార్తె కమలాబాయికి పదమూడవ ఏట, 1948 మార్చిలో ఆ చికిత్స జరిగింది. సెప్టెంబరులో పోలీసు చర్య నాటి కలవరంలో వార్డు ఒక్క పూటలో ఖాళీ అయింది. గేటు ముందు ఎడ్లబండి తొందరపెడుతుండగా, కట్టుతోనే పిల్లను పడుకోబెట్టి తీసుకుపోయారు. నవంబరులో కట్టు విప్పారు. పటం బాగుంది. తండ్రి సంతోషంతో కొత్త చెప్పులు కొని తొడిగించాడు.

మరుసటి జూలైలో తండ్రీబిడ్డలు పరీక్షకు వచ్చారు.

“ఎలా ఉన్నావమ్మా?”

“మంచిగున్న సిస్టరమ్మా.”

“బడికి పోతున్నావా?”

పిల్ల నోరు తెరవకముందే తండ్రి, “పోతున్నది, పోతున్నది” అన్నాడు.

ఒక్కసారి అడిగినదానికి రెండుసార్లు జవాబెందుకు? సంతలో ఎద్దు పళ్లు చూసే రైతు మాదిరి కాంతమణి గారు ఆ పిల్ల చెప్పులు తిరగేసి చూశారు. ఎనిమిది నెలల చెప్పుల అడుగున గీత పడలేదు. బడికి కబురంపితే, కమల ఏడాదిన్నరగా రాలేదనీ, ఆ నెలాఖరుకు రాకుంటే పేరు కొట్టివేస్తారనీ తెలిసింది.

నోటుపుస్తకం సంచిలో వేసుకొని వారు సీతాఫల్‌మండికి బయలుదేరారు. అవి, రాసుకున్న పేర్లు పోలీసులకు చేరతాయన్న భయంతో, పుస్తకం పట్టుకున్న మనిషిని చూస్తే తలుపులు పడే రోజులు. కమల నాయనమ్మ అనసూయమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

“ఏందమ్మా, ఎవల పేర్లు రాస్కపోను వచ్చినవ్? మా ఇంట్ల ఎవ్వల్లేరు.”

“నేను ఆసుపత్రి సిస్టరునమ్మా. మీ మనవరాలిని చూడ్డానికొచ్చాను.”

“మొన్న ఒకాయన సుత జొరాల లెక్కలని గిట్లనే వచ్చిండు. ఎనకాల జీపొచ్చింది. జెర ఆ సంచి దెర్వు.”

కొలత టేపు, జ్వరం చూసే గొట్టం, పుస్తకం బయటపడ్డాయి. ముసలమ్మ పుస్తకం తీసి తొడ కింద పెట్టుకుంది. “గిది నా దగ్గరుంటది. నువ్వు లోపలికి రా, తిను.” ఒకరినొకరు ఆవగింజంతైనా నమ్మకుండానే ఇద్దరూ జొన్నరొట్టె ముందు కూర్చున్నారు.

“పిల్లేదీ?”

“అది తిన్నది.”

కాంతమణి గారు చెయ్యి కడుక్కునే నెపంతో పెరట్లోకి నడిచారు. పిట్టగోడ మీద కంచం పెట్టుకొని, కర్రలా నిలబడి, కమల ఒంటరిగా తింటున్నది.

“కూర్చోవేం?”

“వంగాలె గద. వంగితె లోపల అతికిచ్చిన బొక్క ఇరుగుతది. బడిల సుత కిందనే కూసోవాలె.”

ఏ నాటువైద్యుడు, ఏ చుట్టం ఈ భయం నూరిపోశాడోనని వారికి మండిపోయింది. “విరుగుతుందని ఎవరు చెప్పారే నీకు?”

“మీరే చెప్పిన్రు సిస్టరమ్మా. బండి ఎక్కిచ్చేటప్పుడు. వంగొద్దు, ఎత్తొద్దు, ఉరకొద్దు, ఇరుగుతదని.”

ఎన్నాళ్లవరకో ఆ తొందరలో చెప్పలేదు. కట్టు విప్పిననాడు, చాలించమనీ చెప్పలేదు. అందరి మాటనూ అనుమానించిన మనిషికి తన మాటను అనుమానించాలని తోచలేదు.

వారు ఆ పెరట్లోనే చీర కుచ్చిళ్లు దోపుకొని, నడుమును కదల్చకుండా తుంటి దగ్గర ఎలా వంగాలో వంగి చూపారు. పీట మీద కూర్చోబెట్టి, ఇంకో పీట మీద కంచం పెట్టించారు. పిల్ల గోడ పట్టుకొని మెల్లగా కూర్చుంది; ఏమీ విరగలేదు. అనసూయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకొని, “నీ పుస్తకం నువ్వు తీస్కపో తల్లీ” అన్నది. సోమవారం నాడు కమల, రెండు పీటలతో సహా బడిలో కూర్చున్నది.

ఆసుపత్రి సిబ్బంది మరుసటి సమావేశంలో, “తప్పు నాది” అని వారు అందరి ముందు చెప్పారు. చికిత్స పొందిన పంతొమ్మిది మంది పిల్లల ఇళ్లకూ తిరిగారు. పదకొండు మంది అదే భయంలో బతుకుతున్నారు. ఒకడు ఏడాదిగా గోలీలాట చూస్తున్నాడే గాని ఆడలేదు. నాటి నుండి మన ఆసుపత్రి చీటీలలో ప్రతి నిషేధం పక్కన అది ముగిసే తేదీ ఉంటున్నది. ఎక్స్‌రే ఫలితం కింద, బిడ్డ ఎలా తింటున్నది, ఎలా పడుకుంటున్నది, ఎవరితో ఆడుతున్నది అన్న మూడు వరుసలుంటున్నాయి. నేడు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని అయిన కమలాబాయి గారికి చలికాలంలో వీపు నొప్పి ఉన్నది, ఒక భుజం కొంచెం ఎత్తుగానే ఉన్నది. అయినా పిల్లలతో చాప మీద కూర్చొనే భోజనం చేస్తారు.

తిరుమలగిరిలోని సోదరి గృహంలో విశ్రాంత జీవనం గడపనున్న కాంతమణి గారికి ఆ పరమాత్ముడు అరుగని కీళ్లను, మసకబారని చూపును, నూరేళ్లకు తక్కువ కాని ఆయుర్దాయాన్ని ప్రసాదించాలని ఆకాంక్షిస్తున్నాము. పిల్లల ఇళ్లకు వెళ్లడం మానబోమని ఈ సభాముఖంగా మేమందరం మాట ఇస్తున్నాము. వారు మా మాటను నమ్మవలదు. నెలకొకసారి వచ్చి, తమ కళ్లతో చూసి వెళ్లాలని ప్రార్థిస్తున్నాము.