పాస్టరుగారు ఫోనెత్తారు

మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన టీచరమ్మకి ఇంట్లో అమ్మ కనిపించలేదు. కుట్టుమిషను సూది కింద సగం కుట్టిన గౌను, పక్కనే కళ్ళజోడు, గుమ్మంలో చెప్పులు. ఆమె వెంటనే పాస్టరుగారికి ఫోను చేసింది.

"అయ్యగారూ, మీరున్నారా?"

"ఉండక ఎక్కడికి పోతానమ్మా?"

"హమ్మయ్య! ప్రభువొచ్చి భక్తుల్ని ఉన్నపళంగా తీసుకుపోయాడేమో, అమ్మ కూడా పరలోకానికి ఎత్తబడిందేమోనని హడలిపోయాను. పొద్దున తనని నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ పైన ప్రభువుతో పెళ్ళివిందులో కూర్చుంటే, నేనిక్కడ మిగిలిపోయినవాళ్ళకొచ్చే ఏడేళ్ళ శ్రమల్లో ఒక్కదాన్నే..."

"పిచ్చితల్లీ, పక్కింటికి వెళ్ళుంటుంది."

"చెప్పుల్లేకుండానా? కళ్ళజోడు లేకపోతే తనకి గుమ్మమే కనబడదు. పోనీలెండి, మీరే ఉండిపోయారంటే ఇంకా ఎవరూ వెళ్ళనట్టేగా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయారు.

"ఒక్క క్షణం ఉండమ్మా. మా ఆవిడ వంటింట్లోనే ఉండాలి."

ఆయన భార్యని పిలవడం టీచరమ్మకి వినబడింది. మొదట మామూలుగా పిలిచారు, తర్వాత గట్టిగా. ఆ తర్వాత ఒక్కో గది తలుపూ తెరుచుకున్న చప్పుడు.

"అయ్యగారూ?"

"పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయమ్మా. మనిషి లేదు."

"అయ్యో దేవా!"

"నువ్వంటే మీ అమ్మని తిట్టావు," అన్నారాయన. "మరి నాకేమైందమ్మా? ఇదంతా మీకు చెప్పినవాణ్ణి నేనే కదా!"