బాయిలర్ బాబాయిగారికి మిగిలిన ఉదయాలు

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం, నవంబరు పదకొండో తేదీ, సోమవారం నాడు మన ప్రసూతి ఆసుపత్రి బాయిలరు గదిలో సహాయకునిగా బాధ్యతలు స్వీకరించిన మాన్య సహోద్యోగి ఈ నెలాఖరున పదవీ విరమణ చేయబోతున్నారు. కాగితాల మీద ఆయన హోదా సహాయకుడు, ఆపరేటరు, వేడినీటి విభాగపు సూపర్‌వైజరు అని మారుతూ వచ్చింది గాని, పెద్ద డాక్టరమ్మగారు మొదలుకొని నిన్నగాక మొన్న చేరిన ఆయా వరకు అందరి నోటా ఆయన బాయిలర్ బాబాయిగారే. ఆ బాయిలరును తుక్కు కింద పట్టుకుపోయి ఏళ్ళు గడిచినా పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆ బాయిలరు బహు ముక్కోపి. డీజిలు తాగేది, పొగ కక్కేది, పక్కన మనిషి లేకపోతే అలిగి ఆరిపోయేది. పురిటి బిడ్డల స్నానాలు తెల్లవారేసరికి మొదలు కావాలి కనుక బాబాయిగారు అంతకుముందే వచ్చి దాన్ని బుజ్జగించి వెలిగించవలసి వచ్చేది. ఈ ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన ఎందరో శిశువుల ఒంటిని తాకిన తొలి వెచ్చదనం ఆయన శ్రమఫలమేనంటే అతిశయోక్తి కానేరదు. అయితే ఊరి బిడ్డలందరికీ నీళ్ళు కాచిన ఆ చేతులు తన ఒక్కగానొక్క కూతురికి ఒక్క చెంబుడు నీళ్ళు పోసి ఎరగవు. ఆయన ఇల్లు వదిలే వేళకు పాప నిద్రలో ఉండేది. రాత్రి పడుకోబోతూ, "రేపు నువ్వు పోస్తావా నాన్నా?" అని అడిగేదట. "ఆదివారం పోస్తాలే" అనేవారట ఈయన. ఆదివారమని పిల్లలు పుట్టడం మానరు కదా. వినీ వినీ విసిగిన ఇల్లాలు ఒకనాడు కూతురితో, "మీ నాన్న చేత నీళ్ళు పోయించుకోవాలంటే నువ్వు వెళ్ళి ఆ ఆసుపత్రిలో మళ్ళీ పుట్టాలే తల్లీ" అన్నారు. ఈ సంగతి బాబాయిగారే నవ్వుతూ చెప్పేవారు. నవ్వు మాత్రం సగంలోనే ఆగిపోయేది.

తర్వాత బాయిలరు స్థానంలో హీట్ పంపు, దానికి తోడుగా మనిషెత్తు నిల్వ ట్యాంకూ వచ్చాయి. నిప్పూ పొగా లేకుండా నీళ్ళు కాగుతాయంటే తొలుత నమ్మినవారు లేరు. ఫ్రిజ్ తన లోపలి వేడిని లాగి వెనక పారబోస్తుంది, అందుకే వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఇది బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళలో పోస్తుంది, అంతే తేడా అని ఆయన అడిగినవారికల్లా ఓపికగా బోధించేవారు. ఆ బోధ వాచ్‌మన్ చెవిన పడలేదు కాబోలు. చలిరోజుల్లో పెరట్లో ఉన్న దాని ఫ్యాను పెట్టె గడగడలాడుతూ చల్లగాలి వదలడం చూసి, పాపం వణికిపోతోందని జాలిపడి, తన దుప్పటి తెచ్చి నిలువునా కప్పి తాడుతో కట్టేశారు. గాలి అందక అది కాస్తా ఆగి కూర్చుంది. బాబాయిగారు వచ్చి చూసి కోప్పడలేదు. "నీ మనసు వెన్నే గాని బావా, ముందు దానికి ఊపిరాడనివ్వు. దుప్పటి కావాల్సింది ట్యాంకుకి, దానికి కంపెనీవాళ్ళే కప్పి పంపారు" అన్నారు. వాచ్‌మన్ నాటి నుంచి నేటి వరకూ దుప్పటి బావే.

గీజరులా చిటికెలో నీళ్ళు వేడెక్కించడం ఈ హీట్ పంపుకు చేతకాదని గ్రహించి, గాలి వెచ్చగా ఉండే మధ్యాహ్నం పూట దాన్ని నడిపించి, కాగిన నీటిని ట్యాంకులో మర్నాటి వేకువకు దాచిపెట్టే పద్ధతిని ఆయన అమలుపరిచారు. క్రిములు చేరకుండా వారానికొకసారి ట్యాంకు వేడి బాగా పెంచడం, బిడ్డల కుళాయిలోకి కాలే నీళ్ళు రాకుండా చన్నీళ్ళు కలిపే వాల్వును పరీక్షించడం ఆయన ఏనాడూ మరొకరికి వదల్లేదు. ఇంత చేసిపెట్టాక తెల్లవారుజామున ఆయన రానవసరమే లేకపోయింది.

ఆ మొదటి ఉదయం బాబాయిగారు ఇంట్లోనే ఉండిపోయారు. నీళ్ళు కాచి, బకెట్లో చన్నీళ్ళు కలిపి, పక్కన చెంబు పెట్టి కూర్చున్నారు. కూతురు అప్పటికే కాలేజీ చదువులో ఉంది. తువ్వాలు భుజాన వేసుకొని వచ్చి, తండ్రిని చూసి గాభరా పడింది.

"ఏంటి నాన్నా, ఇంట్లో ఉన్నావు? బాయిలరు పాడైందా?"

పాడవలేదమ్మా, తీసేశారు అన్నారాయన. ఆమె అలాగా అని, బకెట్ అందుకొని స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆయన కాసేపు ఆ తలుపు వైపు చూసి, చొక్కా తొడుక్కొని ఆసుపత్రికి వచ్చేశారు. అది మొదలు, అవసరం లేకపోయినా వేకువనే వచ్చి ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి నిలబడడం ఆయనకు అలవాటైంది. ఆ ట్యాంకు పైకి చల్లగానే తగులుతుంది. వేడంతా లోపలే.

ఈ ఏడాది కూతురు ఎనిమిదో నెలలో ఉండగా, తండ్రికి శ్రమ ఎందుకని, ప్రేమతోనే ఒక మాట అంది: "బిడ్డకి నీళ్ళు పోయడానికి మనిషిని మాట్లాడాం నాన్నా. పసిగుడ్డుని పట్టుకోవడం నీకేం తెలుసు, నువ్వు హాయిగా రెస్టు తీసుకో." తెలియదన్నది నిజమే కదా, అదే బాబాయిగారి బాధ.

మర్నాడు శిశువుల గదికి వచ్చారు. అక్కడి ఆయా మూడు నెలల బాబుకు తల్లి. నీళ్ళలో మోచెయ్యి పెట్టి చూసి, మళ్ళీ చూసి, ఇంకోసారి చూస్తే గాని బిడ్డను దించని భయస్తురాలు. తనకు నేర్పమని ఆయన ఆమెను అడిగారు. కాదనలేక, ప్రాణం గుప్పిట్లో పెట్టుకొని, ఆమె తన కొడుకునే ఆయన చేతుల్లో పెట్టింది.

"మెడ కింద వేళ్ళు, బాబాయ్. వాల్వు కాదది, బిగించకండి."

"వాల్వయితే నాకింత చెమట పట్టదమ్మా."

నాలుగు వారాలు తిరిగేసరికి ఆ బాబు ఆయన గొంతు వింటేనే కాళ్ళు ఆడించేవాడు.

మనవరాలు మన ఆసుపత్రిలోనే పుట్టింది. ఇంటికి వెళ్ళే రోజు ఉదయం ఆయా తొట్టి దగ్గర్నుంచి మెల్లగా పక్కకు జరిగింది. బాబాయిగారు చొక్కా చేతులు మడిచి, మోచెయ్యి ముంచి చూసి, ముందురోజు మధ్యాహ్నం తాను కాచి దాచిన నీళ్ళతో బిడ్డకు స్నానం చేయించారు. బిడ్డ ఒక్కసారి ఏడ్చి, ఆ చేతుల్లో కుదురుకుంది. కూతురు మంచం మీద నుంచి రెప్పవేయకుండా చూసింది.

"ఆ మనిషిని రావద్దని చెప్పేస్తాను" అంది చివరికి. ఆగి, చిన్నప్పటి గొంతుతో, "రేపు కూడా నువ్వు పోస్తావా నాన్నా?"

బాబాయిగారు పోస్తానన్నారు. ఆదివారం అనలేదు. తువ్వాలు పట్టుకొని నిలబడ్డ ఇల్లాలు ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

ట్యాంకు మీద ఆయన చెయ్యి ఆనే చోట రంగు వెలిసిపోయింది. కొత్తగా వచ్చే ఆపరేటరు రంగు వేయిస్తానంటే వద్దన్నాం. వేకువన ఆ గది ముందు నుంచి నడిచేటప్పుడు ఆయన అక్కడ ఉంటే బాగుండునని మాకు అనిపించక మానదు. లేరంటే ఎక్కడున్నారో తెలుసు కనుక ఓర్చుకుంటాం. ఆ మనవరాలు పెరిగి పెద్దదై, "నేనే పోసుకుంటాను, నువ్వు బయటికెళ్ళు తాతయ్యా" అని గడియ పెట్టుకునే నాటికి బాబాయిగారు ఆ తలుపు బయట చేతిలో చెంబుతో, నిండు ఆరోగ్యంతో, ఈసారి నవ్వు సగంలో ఆపకుండా నిలబడి ఉండాలని, అక్కడి నుంచి ఇంకా ఎన్నో వెచ్చని ఉదయాలు ఆయనకు దక్కాలని మనసారా కోరుకుంటున్నాం.