నిండు బిందెతో దిగే మెట్లు

"అవ్వా, రేపు ఈ తాగునీళ్ల డ్రాయింగు మీద నేను సంతకం పెట్టాల. నువ్వూ ఇట్లాంటి పనే చేసినావు కదా, ఒకసారి చూడు."

ఏదీ, ఆ ఫోను ఇట్లియ్యి. కళ్లజోడు యాడ పెట్టినానో... ఆఁ, తలమీదే ఉండాది. ఊఁ. ఎత్తు దిమ్మె, పైన కొళాయిలు, పక్కన మెట్లు. దీన్ని చూస్తే పాత చుట్టాన్ని చూసినట్టే ఉండాదమ్మీ. కూర్చో, చెప్తా.

నేను బడిలో సైన్సు చెప్పి రిటైరైనాక, ఒక కంపెనీవాళ్లు కన్సల్టెంటుగా రమ్మన్నారు. మీ తాత అప్పటికి ఉన్నాడు, మేముండే ఒర్లియంపేటలో ఇంటింటికీ పోయి చెప్పుకున్నాడు. కన్సల్టెంటంటే ఏందో నాకూ పోయినాకే తెలిసింది. ఊరోళ్లకు ముందే తెలిసిందాన్ని, వాళ్లకు తెలియని మాటల్లో, వాళ్లు లేని చోట చెప్పాల. చోటంటే ఏసీ హోటలు. సమోసా బాగుండేది, అబద్ధమెందుకు.

సరే, పాఠానికి వస్తా. సముద్రం పక్కన ఒక ఊరు, పేరెందుకులే. తుపానొస్తే ఆ ఊరి బోరు మునిగి మురికినీళ్లు లోపలికి పోతాయి. ఇది ఎగతాళి కాదు, నిజం. అందుకని మనిషి తలెత్తు దిమ్మె కట్టి, కొత్త బోరు మూతీ కొళాయిలూ దాని మీద పెట్టినారు. కొళాయి మునగదు, నీళ్లు చెడవు. ఇంతవరకు అర్థమైందా?

తెరిచిన రోజు మా పెద్దసారు తెల్లటోపీ పెట్టుకొని ఎక్కినాడు. కొళాయి తిప్పి, దోసిట్లో తాగి, ఫోటోకు నవ్వి, ఉత్త చేతులు ఊపుకుంటా దిగినాడు. మిగతా ఆఫీసర్లూ అంతే. నాకు మోకాళ్ల నొప్పి, కిందే నిలబడినాను.

అప్పుడు సెల్వి అని ఒక పిల్ల ఎక్కింది, కడుపుతో ఉన్నింది. బిందె నింపి చంకనెత్తుకొని మెట్ల దగ్గరికొచ్చి ఆగిపోయింది. ముందర కడుపు, పక్కన బిందె, అడుగు యాడ పెట్టాలో కనబడదు. కాసేపు చూసి, సగం నీళ్లు మెట్ల మీదే కుమ్మరించి దిగింది. మావాళ్లు చప్పట్లు కొట్టినారు, మొదటి బిందె కదా.

నేను పోయి, మెట్లు వెడల్పు చేసి, నడుమ బిందె దించుకునే గట్టు పెట్టమన్నాను. సారు ఓపిగ్గా విన్నాడు. అది డిజైను తప్పు కాదంట, జనం అలవాటు తప్పంట. "మేడమ్, మీరొక ట్రైనింగు పెట్టండి" అన్నాడు.

దేనికి? మెట్లు దిగడానికి. పెట్టినాను తల్లీ. బ్యానరు కూడా కట్టినారు. ఆడోళ్లు మర్యాదగా విని, బిస్కెట్లు తిని, మళ్లీ కింద పాత బోరుకే పోయినారు.

ఆ ఏడే తుపానొచ్చింది. దిమ్మె మునగలేదు, సారు లెక్క సరిగ్గానే ఉన్నింది. ఊళ్లో మేకలన్నీ దానిమీదికే ఎక్కినాయి. విపత్తులో దిమ్మె ప్రజలకు బహువిధాలుగా ఉపయోగపడిందని రిపోర్టులో రాసినారు. కొళాయి పక్కన మేక నిలబడిన ఫోటో అట్టమీద వేసినారు.

కింద బోరు నీళ్లు తాగినోళ్లకు వాంతులు, బేదులు. సెల్వి బిడ్డను గోరిమేడు ఆసుపత్రిలో పెట్టినారు. అప్పటికి రెండు నెలల పసిగుడ్డు. చూసొద్దామని పోయినాను. బతికిందిలే. కానీ సెల్వి నన్ను చూసి ఒక్క మాటే అనింది.

"నీళ్లు మంచివే టీచరమ్మా. కిందికే రాలేదు."

ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాదమ్మీ.

ఇప్పుడు నీ డ్రాయింగు చూడు. అదే దిమ్మె, అవే ఇరుకు మెట్లు. అప్పుడు నీలం రంగు, ఇప్పుడు పచ్చ. పథకం పేరులో క్లైమేటు అనే మాట ఒకటి చేరింది.

"వెనక్కి పంపితే నన్నే ఇంటికి పంపుతారవ్వా. ఉద్యోగంలో చేరి మూడు నెలలే."

పంపొచ్చు. పంపరని నేను చెప్పను. సంతకం నీది, నేను పెట్టమననూ, వద్దననూ. వంటింట్లో ఇత్తడి బిందె ఉండాది. నిండా నీళ్లు పట్టి, చంకన పెట్టుకొని, మన మిద్దె మెట్లు ఎక్కి దిగు. మా సారోళ్లు ఎవరూ చెయ్యని పని అదొక్కటే. పో.

...ఎక్కినావా? ఎక్కుతావులే, ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. ఇప్పుడు దిగు. గోడ పట్టుకోకు, నీ డ్రాయింగులో మెట్ల పక్కన గోడ లేదు.

ఏందమ్మీ, ఆగిపోయినావు?

ఏందా చప్పుడు, నీళ్లు కుమ్మరించేసినావా? పోనీలే తల్లీ, చల్లగా ఉండు. మెల్లగా దిగు, మెట్లు తడిసుంటాయి. నీ పెన్ను ఈడ బల్ల మీదే ఉండాది, దానికేం తొందర...