కళ్ళజోడు గుర్తు

అలా తీసిపారేస్తారేంటి పెద్దమ్మా! నా సాఫ్ట్‌వేర్ ముందు మహామహా విద్వాంసులు కూడా బలాదూర్. స్వరాల కాగితాలు నలభై వేల పేజీలు స్కాన్ చేసి పడెయ్యండి, ఏ వాద్యానికి కావలసిన ముక్క ఆ వాద్యానికి కోసి చేతిలో పెడుతుంది. రెప్పపాటులో!

సరే, రెప్పపాటు కాదు. మీరు టీ తాగి, గ్లాసు కడుక్కొచ్చేలోపు. అందులో సగం తప్పులే అనుకోండి. అయినా ఆ కోత చూడండి, ఎంత తిన్నగా ఉంటుందో!

నవ్వకండి. ముప్పయ్యేళ్ళు మీరు కత్తెరా, జిగురు సీసా పెట్టుకుని చేసిన పనిని ఇది ఏడాదిలో నేర్చుకోవాలంటే ఎలా? పసిది.

అసలు తప్పంతా మన ఆర్కెస్ట్రాలో ఆ వయొలిన్ వాళ్ళది. కష్టమైన చోటల్లా పెన్సిల్‌తో కళ్ళజోడు బొమ్మ గీసేదెవరు? "ఇక్కడ తలెత్తి కండక్టర్ని చూడు" అని దాని అర్థమట. మీరు చెప్పిన రోజు నేను టికెట్లు కొట్టే కండక్టరనుకున్నాను. గుర్తుందా? వాద్యబృందం ముందు నిలబడి పుల్ల ఊపే ఆయనని నాకేం తెలుసు?

రెండు సున్నాలు, మధ్యన ఓ గీత. నా ప్రోగ్రామేమో "ఆహా, రెండు స్వరాలు!" అని మురిసిపోయి కోసేస్తుంది. మొదటి నెలలో ఆర్కెస్ట్రాలో చేరడానికి పరీక్షకొచ్చిన ఆ పిల్ల, మనమిచ్చిన ముక్క చూసి, పాపం, కళ్ళజోడు వాయించేసింది కూడానూ!

అందుకే కదా, మీరు ఆ కిటికీ పక్కన, నా కుర్చీకి ఆనుకుని, భూతద్దంతో ఒక్కో ముక్కా చూడాల్సొస్తోంది. "ఇది తప్పుల్లేకుండా కోసిన రోజే మా చెల్లి దగ్గరికెళ్ళిపోతా" అన్నారు. ఆవిడ మీకోసం గది సర్ది ఎన్నాళ్ళయింది? వీడ్కోలు దండ మూడుసార్లు వాయిదా పడిందని ఆఫీసంతా నవ్వుతోంది.

అవునూ, ఇదేంటి, కొత్త కళ్ళజోడా? అబ్బో, సోడాబుడ్లు! జాగ్రత్త, నా ప్రోగ్రాం మిమ్మల్ని చూసిందంటే స్వరాలనుకుని కోసేస్తుంది.

ఏమన్నారు?

డాక్టరు... పెన్సిల్ గీతలు చూడ్డమే మానెయ్యమన్నాడా? ఎప్పుడు? మరి నాకు చెప్పరేం?

"నువ్వొక్కడివే అవస్థ పడతావనా?"

అయ్యో పెద్దమ్మా. ఆ భూతద్దం ముందు కింద పెట్టండి. లేదు, వేళాకోళం కాదు. పెట్టండి.

ఎలా చెప్పను... నా గది మీరు చూళ్ళేదు. సెలవురోజు ఫ్యాన్‌తో మాట్లాడతాను. అది మాటకి మాట అనదు. మీలా "ఒరే కోతీ" అని తిట్టే దిక్కు కూడా లేదక్కడ.

అలా చూడకండి. ఆ అద్దాల్లోంచి అసలే రెండింతలు కనబడతాను.

ఆ కళ్ళజోళ్ళ తప్పు నాలుగు నెలల కిందటే బాగుచేశాను పెద్దమ్మా. రోజూ మీకంటే అరగంట ముందొచ్చి, మళ్ళీ నేనే పాడుచేస్తున్నాను.