రేవు సీనులో చీకటి

పాత సినిమాలను శుభ్రపరిచే గది. పగలే అయినా కిటికీలకు నల్లగుడ్డ కట్టి ఉంది. మానిటర్ ముందు మేనకోడలు. ఆమె వెనక కుర్చీలో, ఆ సినిమాకు ఒకప్పుడు కెమెరామన్‌గా పనిచేసిన మేనమామ.

“ఇంకా తగ్గించు.”

“ఇప్పటికే తగ్గించాను మావయ్యా. ఇంతకంటే తగ్గిస్తే హీరోయిన్ ముక్కు కూడా కనపడదు.”

“కనపడక్కర్లేదు. అది రాత్రి సీను. చీకట్లో రేవులో ఏడ్చే ఆడమనిషి ముక్కు ఎవడికి కనపడుతుంది?”

“తీసింది మాత్రం పగలేగా.”

“పగలు తీసి రాత్రి చెయ్యడం మా రోజుల్లో మామూలే. నది ఒడ్డుకి అన్ని లైట్లు ఎవడు మోసుకెళ్తాడు? ఎండలో తీసేవాళ్ళం, ప్రింటు వేసేటప్పుడు నల్లగా వెయ్యమనేవాళ్ళం. నీకు కొత్తగా చెప్పాలా?”

“తెలుసు. అయినా ఇంత నలుపా? మిగతా రాత్రి సీన్లన్నీ వెన్నెల్లా ఉన్నాయి. ఇదొక్కటే బొగ్గుల కొట్టు.”

“కెమెరామన్ని నేనా, నువ్వా?”

“నువ్వే. డిస్కు డబ్బా మీద కూడా అదే వేస్తున్నాం, ఛాయాగ్రాహకుడి పర్యవేక్షణలో పునరుద్ధరించిన ప్రతి అని. ఆ ముక్క చూసే సగంమంది కొంటారు.”

“కొనేవాళ్ళున్నారా ఇంకా? అందరూ ఫోన్లలో చూస్తున్నారుగా.”

“పిచ్చోళ్ళు కొందరు మిగిలారులే. ఈ సినిమా మొదట టేపులో వస్తే కొన్నారు, అందులో అందరి తలలూ తెగిపోయాయి. తర్వాత సీడీ కొన్నారు, మంచి పాట మధ్యలో లేచి సీడీ మార్చాలి. ఆ తర్వాత డీవీడీ. గీతలు తీసేస్తామని నునుపు చేసీ చేసీ హీరోని మైనపు బొమ్మ చేసి పెట్టారు. అయినా మూడూ బీరువాలో దాచుకున్నారు. అసలు నెగటివ్ దొరికిందని తెలిసినప్పట్నుంచీ ఒకటే ఫోన్లు. గ్రెయిన్ ఉంచుతున్నారా, పాత సౌండు ఉంచుతున్నారా, టైటిల్స్ మార్చట్లేదుగా... నా పెళ్ళికి కూడా ఇన్ని ఎంక్వైరీలు రాలేదు.”

“ఉంచుతున్నావా మరి?”

“గ్రెయిన్ తియ్యను. ఫిలిం మీది ఆ సన్న రేణువులు తీస్తే చర్మం వలిచినట్టే అని నువ్వేగా నేర్పావు.”

“బాగా నేర్పాను. సరే, ఈ సీను నల్లగా చేసెయ్. బయటికెళ్ళి టీ తాగుదాం.”

“అభిమానులందరికీ ప్రాణం ఈ సీనే మావయ్యా. డిస్కుతో పాటు ఇచ్చే పుస్తకానికి వ్యాసం రాసిన లెక్చరర్ గారు సగం ఈ ఒక్క షాటు మీదే రాశారు.”

“ఏం రాశాడు?”

“హీరోయిన్ ఏడుస్తుంటే కెమెరా ఉన్నట్టుండి కాస్త ఎడమకి జరుగుతుంది చూడు. ఆమె పక్కకి పోయి, ఖాళీ చీకటి మిగులుతుంది. దుఃఖాన్ని నేరుగా చూడలేక కెమెరా మొహం తిప్పుకుంది, అలాంటి కదలిక ఇంకెవరికీ తట్టదు అన్నారు.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? నిన్ను పొగుడుతున్నారు.”

“రాసుకోనీ. చేతికి పెన్ను దొరికాక ఎవరాపుతారు?”

“నిజంగా ఏమనుకుని జరిపావు?”

“ఏమీ అనుకోలేదు. చెయ్యి జారి ఉంటుంది.”

“నీ చెయ్యా? జారితే మళ్ళీ తీసేవాడివి. చిన్న అదురు వచ్చినా ఒప్పుకునే రకమా నువ్వు?”

“ఫిలిం అయిపోయింది.”

“ఆ తర్వాతి సీను అదే రోజు తీశారు. బోలెడు టేకులు. డబ్బాల్లో అన్నీ ఉన్నాయి.”

“అయితే వెలుతురు మారిందేమో. నువ్వేమన్నా పోలీసువా?”

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?”

“ఎవరే దొంగ?”

“సామెత మావయ్యా. అంత కోపం దేనికి?”

“కోపం లేదు. కళ్ళు లాగుతున్నాయి. లేద్దాం పద.”

“ఒక్క నిమిషం. ఈ చీకటి ఎత్తి నీకొకటి చూపించాలి. డిస్కులో వెయ్యను, ఇక్కడే. నిన్న ఈ షాట్లో మచ్చలు తీస్తుంటే కనపడింది.”

“వద్దు.”

“ఏం కనపడిందో అడగవా?”

“అక్కర్లేదు. పాత నెగటివ్ అన్నాక వంద కనపడతాయి.”

“ఇదిగో, ఎత్తేశాను. చూడు ఎంత ఎండో! హీరోయిన్ భుజం వెనక, రెల్లు దుబ్బుల పక్కన.”

“నీళ్ళు.”

“నీళ్ళ మీద?”

“పడవ. రేవన్నాక పడవలుండవా?”

“పడవలో మనిషి నిలబడ్డాడు. మెరిసే రేకు పలక పట్టుకుని హీరోయిన్ జుట్టు మీదికి వెనకనుంచి ఎండ కొడుతున్నాడు.”

“ఎవరో లైట్ బాయ్. దుబ్బు చాటున ఉండమంటే ఇవతలికి వచ్చాడు వెధవ.”

“నాన్న, మావయ్యా.”

“మొహమే కనపడట్లేదు.”

“మొహం దేనికి? ఆ గళ్ళ చొక్కా చూడు, మోచేతుల పైకి మడిచి. మనింట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటోలో అదే చొక్కా. ఒక భుజం కిందికి వాల్చి అలాగే నిలబడ్డాడు. నాకు మాటలు రాకముందు నుంచీ చూస్తున్న ఫోటో అది.”

“గళ్ళ చొక్కా అప్పట్లో ఊరంతా తొడిగేవాళ్ళు.”

“చెల్లెలి మొగుడని నువ్వే నాన్నని అసిస్టెంటుగా పెట్టుకున్నావు. నీకు రేకు పట్టేది ఇంకెవరు?”

“సరే, వాడే అనుకో. అయితే ఏంటట?”

“చూస్తూ ఉండు. ఇక్కడ కెమెరా ఎడమకి జరిగింది. పడవ కదిలింది. నీళ్ళ వాలుకి కొట్టుకుపోతోంది. నాన్న రేకు వదిలేశాడు. వంగాడు. పడవ అడ్డం తిరిగింది.”

“ఆపు.”

“బోర్లాపడింది. ఇది పడవ అడుగు. ఇది చెయ్యి. మళ్ళీ చెయ్యి. ఇంక లేదు.”

“ఆపమన్నానా!”

“హీరోయిన్ ఏడుస్తూనే ఉంది. నీ కెమెరా తిరుగుతూనే ఉంది.”

“అమ్మడూ...”

“ఫిలిం డబ్బాలు తెమ్మని టౌనుకి పంపితే అటునుంచి అటే ఎవరితోనో పోయాడని చెప్పావు. యూనిట్‌కి అదే చెప్పావు, నాకూ అదే చెప్పావు. బస్సులో నాన్న వయసు మనిషి ఎక్కితే ఇప్పటికీ మొహం కేసి చూస్తాను, తెలుసా? మా ఆయన నవ్వుతాడు, ఎవర్నే వెతుకుతావ్ అని. ఎక్కడో ఉన్నాడనుకున్నాను. ఎక్కడో ఏంటి? ఇక్కడున్నాడు. నువ్వు తీసిన షాట్లో.”

“ప్రమాదం. గుంజకి కట్టిన తాడు తెగింది. ఆ వాలులో పడితే ఏనుగైనా తేలదు.”

“ఎవరూ చూడలేదా?”

“అందరి కళ్ళూ హీరోయిన్ మీద. నీళ్ళ హోరులో పక్కవాడి మాటే వినపడదు. కంటిని కెమెరాకి ఆనించి మొత్తం చూస్తున్నది నేనొక్కణ్ణే.”

“అంటే చూశావు.”

“చూశాను.”

“కేక వెయ్యలేదు.”

“లేదు.”

“కెమెరా ఆపలేదు.”

“లేదే, లేదు.”

“ఎందుకు? షాటు పాడవుతుందనా?”

“అవును. అదే. షాటు కోసమే. రాక్షసుణ్ణి అనుకో, తిట్టు, డబ్బా మీద నా పేరు తీసెయ్. ఈ నెగటివ్ మాత్రం ఇక్కడితో వదిలెయ్.”

“అబద్ధం.”

“ఒప్పుకుంటున్నా కూడా అబద్ధమంటావేంటే?”

“షాటు కోసమైతే కదలకుండా పట్టుకునేవాడివి. ఎడమకి తిప్పావు. నాన్న మునిగే వైపే తిప్పావు. నాన్నని దాచాలనుకున్నవాడు అటు తిప్పుతాడా?”

“చెయ్యి జారిందన్నాగా.”

“కుడివైపు ఏముంది?”

“ఏమీ లేదు. ఒడ్డు. మట్టి.”

“చూస్తే పోలా? సినిమా హాల్లో తెర మీద పడకుండా కత్తిరించేసే అంచు కూడా నెగటివ్‌లో ఉంటుందిగా. నేనింకా తెరవలేదు. కెమెరా జరగడానికి ముందు ఫ్రేముల్లో చూద్దాం.”

“వద్దు. నీకు దణ్ణం పెడతాను.”

“మావయ్యా, చేతులు దించు. ఏంటిది, పెద్దవాడివి!”

“ప్రింట్లు వేసే ల్యాబ్ గోడౌన్ వరదలో మునిగినప్పుడు నెగటివ్ కూడా పోయిందన్నారు. ఎంత హాయిగా నిద్రపోయానో ఆ రోజు. మళ్ళీ ఎందుకు దొరికిందే ఇది? మానిన పుండు ఎందుకు రేపుతావు?”

“పుండు నాది. అమ్మది. నువ్వు మాన్పించావా? మొగుడు వదిలేసిన మనిషని అమ్మని అందరూ ఎలా చూశారో నీకు తెలీదా? ఇవాళ తనే వచ్చి చూస్తుంది.”

“ఎవరు?”

“అమ్మ. రమ్మన్నాను.”

“మీ అమ్మ ఈ సినిమా చూడదు.”

“చూడదు. టీవీలో వస్తే లేచి వంటింట్లోకి పోతుంది. నాన్న గుర్తొస్తాడనుకునేదాన్ని. రేవు సీన్లో నాన్న కనపడ్డాడమ్మా అని నిన్న ఫోన్లో చెప్పాను. పడవ సంగతి చెప్పలేదు. అమ్మ ఒక్కటే అడిగింది.”

“ఏమని?”

“ఎంతవరకు కనపడుతుంది అని.”

“అలా అడిగిందా?”

“అడిగి, వస్తానంది. బయల్దేరే ఉంటుంది. నాన్న తనని వదిలిపోలేదని తెలిస్తే అమ్మ మనసు కుదుటపడుతుంది మావయ్యా. అదొక్కటైనా మిగుల్తుంది.”

“పిచ్చిదానా! ఫోన్ చేసి రావద్దని చెప్పు. కరెంట్ పోయిందను. నాకు గుండెనొప్పి వచ్చిందను.”

“ఎందుకంత భయపడుతున్నావు?”

“మీ అమ్మకి కుడి చెవి వినపడదు. ఎందుకో ఎప్పుడైనా అడిగావా?”

“చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి...”

“మా ఇంట్లో ఎవరికీ టైఫాయిడ్ రాలేదు.”

“మరి?”

“ఆ రేకు పట్టుకుందే, ఆ చెయ్యి. నువ్వు రాత్రి ఏడుస్తుంటే మీ అమ్మ జోకొడుతోందట. నిద్ర పాడైందని లాగి కొట్టాడు. చెవిలోంచి రక్తం. పొద్దున్నే తలకి గుడ్డ కట్టుకుని లొకేషన్‌కి వచ్చింది. ఏమ్మా అంటే, జారిపడ్డాను అన్నయ్యా అంది.”

“నాన్నా?”

“నీ నాన్నే. ఇంకోసారి ఏడిస్తే పిల్లని గోడకేసి కొడతానన్నాడు. నా ముందే, నవ్వుతూ. జోక్ అనుకుని నేనూ నవ్వాను. మీ అమ్మ నవ్వలేదు.”

“అమ్మ ఒక్కసారి కూడా ఆయన్ని పల్లెత్తు మాట అన్లేదు. ఆ ఫోటోకి దుమ్ము తుడుస్తుంది.”

“నీ కోసం తుడిచింది. తండ్రి పారిపోయాడనుకుంటే ఒక బాధ. తండ్రి అలాంటివాడని తెలిస్తే ఇంకో బాధ. రెండిట్లో చిన్నది ఏదో చూసి ఇచ్చింది నీకు.”

“లొకేషన్‌కి వచ్చిందన్నావు. అమ్మ ఎందుకొచ్చింది?”

“అప్పట్లో హీరోయిన్‌కి జడలు వేసింది మీ అమ్మేగా.”

“కుట్టుపని చేసేదని చెప్పింది నాతో!”

“కుట్టుపని ఆ తర్వాత. ఈ సినిమా తర్వాత మళ్ళీ దువ్వెన పట్టలేదు.”

“అయితే ఆ రోజు రేవులో అమ్మ కూడా ఉందా?”

“తెల్లారుజాము నుంచీ ఉన్నాం అందరం... ఆ మౌస్ వదులు. అమ్మడూ, వదులు.”

“కుడి అంచు తెరుచుకుంది.”

“చూడకు.”

“గుంజ. గుంజకి తాడు. తాడు తెగలేదు, బాగానే ఉంది. ఎవరో వంగి ఉన్నారు. ముడి విప్పుతున్నారు.”

“చూడకే తల్లీ.”

“ఆడమనిషి. తలకి గుడ్డ కట్టుకుంది. కొంగు నడుముకి దోపి, అందులో దువ్వెన... మావయ్యా, ఇది...”

“ఫ్రేములో ఆ పక్కన కనపడగానే చేతులు వాటంతటవే తిరిగాయి. చెల్లెలు బొమ్మలోంచి బయటికి పోవాలి, అంతే. వాడు మధ్యలోకి వస్తాడని నాకు తట్టలేదు. తట్టినా తిప్పేవాణ్ణేమో.”

“అమ్మకి తెలుసా? నువ్వు చూశావని?”

“ఒక్క మాట అనుకోలేదు మేం. ఆ సాయంత్రం నిన్ను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కాసేపు ఎత్తుకో అన్నయ్యా అంది. అంతే.”

“ఇన్నేళ్ళూ ఒక్క మాట కూడానా?”

“మెట్ల మీద ఎవరో వస్తున్నారు.”

“అమ్మే. ఆ చెప్పుల చప్పుడు అమ్మదే.”

“నల్లగా చేసెయ్. తొందరగా. బొమ్మ కనపడకూడదు, మనం చూశామని కూడా తనకి తెలియకూడదు. ఇంకా తగ్గించవే!”

“వద్దన్నయ్యా, తగ్గించమనకు. ముడి విప్పి నేను మొహం తిప్పేసుకున్నాను. అప్పట్నుంచీ తలుపు చప్పుడైనప్పుడల్లా ఆయనే తిరిగొచ్చాడేమోనని లేచి కూర్చుంటూనే ఉన్నాను. మళ్ళీ ఒక్కసారి వెయ్యి తల్లీ, నిజంగానే మునిగిపోయాడో లేదో చూసుకుంటాను.”